కూచిపూడి నుంచి కెమెరా ముందుకి: మద్రాసులో మొదటి రెండేళ్లు

1. పానగల్‌పార్కు
మా అక్క కూతురికి 19 ఏళ్లు, టీనగర్‌లో ఉంటారు. 8వ ఏట నుంచి కూచిపూడి, రంగప్రవేశం (తొలి పూర్తి ప్రదర్శన) అయి రెండేళ్లు. బీకాం చదువుతోంది. ఇప్పుడు నటన అంటోంది. ఇంట్లో తెలుగే గానీ బళ్లో చదివింది తమిళం, ఇంగ్లీషు. అడగాల్సినవి మూడు. గ్రూప్ డాన్సర్‌గా చేరి పైకి రావడం మంచిదా, నేరుగా ఆడిషన్లకు వెళ్లడం మంచిదా? నాట్యం వచ్చు గనక నటన విడిగా నేర్చుకోవాలా? స్టేజి ప్రోగ్రాములు మానుకోవాలా? ధైర్యాలూ భయాలూ ఇంట్లోనే బోలెడు ఉన్నాయి, ఇక్కడ పని జరిగే పద్ధతి చెప్పండి చాలు.

2. జతిస్వరం
రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతావి దాన్నిబట్టే తేలతాయి. విడిగా నేర్చుకోవాలి. అందులో మొదటి 6 నెలలు కొత్తవి ఎక్కించుకోవడానికి కాదు, ఒంట్లో ఇంకిపోయినవి ఏమిటో గుర్తుపట్టడానికే పోతాయి.

నడక చూడండి. పదేళ్లు అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో, గడిపిన మనిషికి తుంటి దగ్గర నుంచే కాళ్లు బయటికి తిరిగి ఉంటాయి. స్టేజి మీద అది అందం. జీన్సు వేసుకుని ఫోను మాట్లాడుతూ నడిచే షాట్‌లో బాతు నడక. నేల మీద 15 అడుగుల టేపు అంటించి, పాదాలు టేపుకు సమాంతరంగా పడేలా రోజూ 10 నిమిషాలు నడవమనండి. చెప్పులతో కొన్నిసార్లు, హీల్స్‌తో కొన్నిసార్లు. ఎదురుగా ఫోను పెట్టి రికార్డు చేసి చూసుకోవాలి. అద్దం వద్దు. అద్దం కనపడగానే వీపు నిటారుగా అయి, ఛాతీ లేచి, లోపలున్న సత్యభామ బయటికి వచ్చేస్తుంది.

చేతులు ఇంకా మొండివి. ఖాళీగా వదిలిన చేయి బొటనవేలు మడుచుకుని తనంతట తానే పతాక ముద్ర పట్టేస్తుంది. గ్లాసు అందుకుంటే చిటికెనవేలు లేస్తుంది, కాగితం తీసుకుంటే కటకాముఖ ముద్ర. దీనికి మందు చేతికి నిజమైన పని పెట్టడం. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ డైలాగు చెప్పాలి. కాయ చూసి తీయాలి, ఎదుటి మనిషిని చూసి మాట్లాడాలి, రెండింటిలో ఏదీ ఆగకూడదు. మొదటి వారం రెండూ ఆగుతాయి, లేదా మాటకో కాయ చొప్పున తాళం పడిపోతుంది. ఆ తాళం విరిగేదాకా చేయించండి.

చూపు అన్నిటికంటే కష్టం. 'యతో హస్తస్తతో దృష్టిః' అని నేర్చిన కన్ను చేతి వెంటే పోతుంది. తలుపు చప్పుడైతే మామూలు మనిషికి ముందు చెవి అటు పోతుంది, మెడ తర్వాత తిరుగుతుంది, చేయి లేవనే లేవదు. నర్తకికి కన్నూ మెడా చేయీ ఒకే దెబ్బకు తిరుగుతాయి. నాట్యగ్రంథం అభినయదర్పణం చెప్పిన 8 దృష్టిభేదాలు (చూపులు), 9 శిరోభేదాలు (తల కదలికలు), 4 గ్రీవాభేదాలు (మెడ కదలికలు) ఆఖరి వరసలో కూర్చున్నవాడికీ అర్థమవ్వాలని సాధన చేసినవి. కెమెరా ఆఖరి వరసలో ఉండదు.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు: ముక్తాయింపు. ప్రతి వాక్యం చివరా సమం (తాళపు మొదటి దెబ్బ) మీద వాలినట్టు చిన్న ఆగుడు, గడ్డం కాస్త పైకి. తర్వాత ఎదుటివాడి మాట మొదలైనా ఈమె ఇంకా తన భంగిమలోనే ఉంటుంది. ఏకపాత్ర నాట్యంలో నాయకుడూ ఊహే, సఖీ ఊహే, వాళ్లెప్పుడు మాట్లాడాలో కూడా మనమే నిర్ణయిస్తాం. నిజంగా ఎదురుగా ఒకడు నిలబడి అనుకోని స్వరంలో మాట్లాడితే వినడం అనే పని అక్కడ ఎవరూ నేర్పరు. నటన క్లాసులో ఆమె కొనుక్కోవాల్సింది అదే. జట్టుగా చేయించే వ్యాయామాలు లేకుండా నవరసాలు పట్టి చూపించే క్లాసయితే డబ్బు దండగ, ఆ పని ఆమెకు వాళ్లకంటే బాగా వచ్చు.

3. ఫోకస్‌పుల్లర్
పై పోస్టుకు చిన్న లెక్క. మనిషి ముఖం సుమారు 8 అంగుళాలు. క్లోజప్‌లో అదే 20 అడుగుల తెరను నింపితే 30 రెట్లు పెద్దదయినట్టు. కనుబొమ అర సెంటీమీటరు ఎగరేస్తే తెర మీద 15 సెంటీమీటర్లు ఎగురుతుంది. కాబట్టి 'తగ్గించు' అని డైరెక్టర్ అన్నాడంటే భావం తగ్గించమని కాదు, కండరం తగ్గించమని. చాలామంది భావం కూడా తగ్గించేసి మొహం చెక్కలా పెడతారు, అప్పుడు ఇంకో పది టేకులు.

రెండోది మార్కు, అంటే నటులు వచ్చి నిలబడాల్సిన చోటు గుర్తు. 85 ఎంఎం లెన్సు, ద్వారం f/2కు తెరిచి, మనిషి 2 మీటర్ల దూరంలో ఉంటే ఫోకస్ నిలిచేది సుమారు 5, 6 సెంటీమీటర్ల మేర. నర్తకులు నిలబడ్డప్పుడు బరువు ఒక కాలి మీద వేసి నడుము కాస్త ఊపుతారు. ఆ ఊపుకే కన్ను ఫోకస్‌లోంచి పోయి చెవి ఫోకస్‌లోకి వస్తుంది. తలవంచి మార్కు చూసుకోకుండా వచ్చి నిలబడటం ఇంట్లో సాధన చేయొచ్చు: నేల మీద టేపు వేసి, దాని మీద నిలబడి, 5 అడుగులు వెనక్కి వెళ్లి, ఎదురుగోడ చూస్తూ అదే చోటికి రావాలి. నర్తకులకు వారంలో వస్తుంది, అడుగుల లెక్క ముందే ఉంటుంది గనక.

మూడోది లుక్, చూపు నిలిపే చోటు. సజెషన్ షాట్‌లో (ఎదుటి నటుడి భుజం మీదుగా తీసేది) ఎదుటి నటుడి రెండు కళ్లనూ మార్చిమార్చి చూస్తే తెర మీద కళ్లు గిలగిల కొట్టుకుంటాయి. లెన్సుకు దగ్గరగా ఉన్న కంటినే చూడాలి. క్లోజప్ తీసేటప్పుడు ఎదుటి నటుడు వెళ్లిపోయి, స్టాండుకు అంటించిన టేపు ముక్కతో మాట్లాడాల్సి రావచ్చు. నాయకుణ్ని పదేళ్లు గాలిలో ఊహించుకున్న అమ్మాయికి అది పెద్ద విషయం కాదు.

4. తాళంకట్టు
జతిస్వరం గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ రోగి చీటీలా ఉంది. ఈ అమ్మాయి చేతిలో ఉన్న పెట్టుబడి కూడా చెప్పాలి కదండీ.

ఒక చరణానికి నాలుగు సంచారులు (ఒకే మాటకు వేర్వేరు అభినయాలు) చేయగలిగిన మనిషి, 'బాగుంది, ఇంకోలా చెయ్' అన్నప్పుడు తెల్లమొహం వేయదు. ఆ మాట సెట్లో రోజుకు ఇరవైసార్లు వినపడుతుంది. తర్వాత కంటిన్యూటీ. సీనంతా ఒకేసారి తీసే మాస్టర్ షాట్‌లో ఏ మాట దగ్గర చెంగు సర్దుకుందో, మూడు గంటల తర్వాత క్లోజప్‌లోనూ అదే మాట దగ్గర సర్దుకోవాలి. కొత్త నటులు తడబడేది ఇక్కడే. జతి (తాళానికి పలికే శబ్దాలు) నోట్లో పెట్టుకుని ఒళ్లు కదిపే అలవాటున్నవాళ్లకు మాటకూ కదలికకూ ముడి దానంతటదే పడుతుంది.

ఇంకా ముఖ్యమైంది కూచిపూడికే సొంతమైంది: వాచికం, మాటతో చేసే అభినయం. సంప్రదాయంలో పాత్రధారి తానే పాడి తానే మాట్లాడాలి, భామాకలాపంలో సత్యభామకూ మాధవికీ నడిచే సంభాషణే సగం బలం. ఇప్పటి సోలో శిక్షణలో అది జారిపోయింది. ఆమె గురువుగారిని అడిగి ఆ వాచికం మళ్లీ పట్టమనండి. ఆ రాగం సినిమాకు పనికిరాదు, ఊపిరీ ఒత్తులూ పనికొస్తాయి.

కూచిపూడివాళ్లకు మద్రాసు సినిమా కొత్త దారేం కాదు. వేదాంతం రాఘవయ్య గారు స్త్రీవేషాల నుంచి నృత్యదర్శకత్వానికి, అక్కణ్నుంచి 1953లో దేవదాసు దర్శకత్వం దాకా వెళ్లారు. మాయాబజార్‌కు నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తి గారిదీ అదే ఊరు, అదే విద్య. వెంపటి చినసత్యం గారు 1963లో ఇక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టకముందు సినిమా డాన్సుల్లో పనిచేసినవారే.

5. జతిస్వరం
రోగి చీటీ అన్నది ఒప్పుకుంటున్నాను. వాచికం మాట నేను మరిచాను.

6. డబ్బింగ్‌గొంతు
వాచికం వచ్చింది గనక గొంతు సంగతి. 'ఇంట్లో తెలుగే' అన్నారు చూశారా, అక్కడే అసలు చిక్కు. మద్రాసు తెలుగు ఇళ్లలో పెరిగిన పిల్లల మాటలో మూడు లోపాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒత్తులు రాలిపోతాయి: బాధ 'బాద' అవుతుంది, ధైర్యం 'దైర్యం' అవుతుంది, భయం 'బయం' అవుతుంది. రెండోది, వాక్యం చివర తమిళపు సాగుడు. మూడోది 'వచ్చేసి'. 'నా పేరు వచ్చేసి', 'మా ఊరు వచ్చేసి' అని ఆడిషన్ మొదటి వాక్యంలోనే దొరికిపోతారు. (నెల్లూరు, చిత్తూరు పిల్లలకూ ఇది ఉంది, వాళ్లు ఒప్పుకోరు.)

చేయాల్సింది: రోజూ 20 నిమిషాలు పైకి చదవడం. 10 నిమిషాలు పత్రిక సంపాదకీయం, 10 నిమిషాలు పోతన పద్యాలు. సంపాదకీయంలో పొడుగు వాక్యాలుంటాయి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుస్తుంది. పద్యం ఒత్తులను దాటనివ్వదు. రికార్డు చేసి ఆ పూట వినకూడదు, మర్నాడు వినాలి. చెప్పిన వెంటనే వింటే తప్పు చెవికి తగలదు.

సొంత గొంతు ఉంటే విలువ వేరు. సాయిపల్లవి తెలుగు అమ్మాయి కాదు. 2017లో ఫిదాకు తెలంగాణ యాసలో తానే డబ్బింగ్ చెప్పుకుంది, ఆ పాత్ర అంత నిలబడటంలో గొంతుకు పెద్ద వాటా ఉంది.

7. పానగల్‌పార్కు
తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. డైలాగు పేపరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే సరిపోదా?

8. డబ్బింగ్‌గొంతు
సరిపోదండీ. కల, కళ ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటే. వేలు, వేళ్లు దగ్గరదగ్గరే. అనువు, అణువు ఒకటే. తప్పు రాత చూసి బట్టీ పడితే తప్పే స్థిరపడుతుంది, దాన్ని డబ్బింగ్ థియేటర్లో లాగడం నరకం, ఎందుకంటే పెదవి అప్పటికే తప్పు మాటకు కదిలి ఉంటుంది. మూడు నెలలు గట్టిగా కూర్చుంటే చదవడం వస్తుంది. అంతదాకా ఎవరైనా తెలుగువాళ్ల చేత డైలాగు చదివించి, ఆడియో విని పట్టమనండి.

9. ఎనిమిదోలెక్క
మొదటి ప్రశ్నకు వస్తాను. గ్రూప్‌లో చేరితే ఏం దొరుకుతుందో ముందు తెలుసుకోండి.

పాటను బిట్లుగా తీస్తారు. ఒక బిట్ 4 లేదా 8 లెక్కలు, పెద్దదయితే 16. నిమిషానికి 120 దెబ్బల పాటలో 8 లెక్కలంటే 4 సెకన్లు. మాస్టరో అసిస్టెంటో రెండుసార్లు చూపిస్తారు, కౌంట్లతో ఒకసారి, పాటతో ఒకసారి, తర్వాత మానిటర్ (టేకుకు ముందు ఆఖరి రిహార్సల్), తర్వాత టేక్. నాట్యకచేరీలో పొడుగైన అంశం పదవర్ణం, దానికి మూడు నెలలు తీసుకునే చదువు చదివినవాళ్లకు ఈ వేగం మొదట ఊపిరాడనివ్వదు. తప్పులు ఎక్కడంటే: మాస్టర్ ఎదురుగా నిలబడి చూపిస్తే కుడి ఎడమలు తారుమారు. కర్ణాటక సంగీతపు పాటల్లో ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) సమం ముందో తర్వాతో ఉండొచ్చు, ఇక్కడ లెక్క ఎప్పుడూ 'ఒకటి' మీదే. '5, 6, 7, 8' వినపడగానే కాలు లేచి ఉండాలి, ఒకటి దగ్గర లేవడం కాదు. నేలను గట్టిగా తొక్కే అలవాటు కూడా షూ వేసుకున్నాక పక్కవాళ్లకు భిన్నంగా కనిపిస్తుంది.

హైస్పీడ్ షాట్ గురించి కూడా తెలుసుకోవాలి. 48 ఫ్రేములకు తీస్తే తెర మీద కదలిక సగం వేగానికి వస్తుంది. పెదవి కలవాలంటే సెట్లో పాటను రెండింతల వేగంతో వేస్తారు. ఒళ్లు మెల్లగా కదులుతున్నట్టుండాలి, పెదవి మాత్రం పరుగెత్తాలి. ఏ పాటనైనా ఫోనులో రెండింతలు పెట్టి పెదవి కలపడం రోజూ 5 నిమిషాలు సాధన చేయొచ్చు. గొంతు పెట్టి నిజంగానే పాడాలి. ఉత్త పెదవి ఆడిస్తే మెడ నరాలు కదలవు, క్లోజప్‌లో దొంగ లిప్పు తెలిసిపోతుంది.

ఇవన్నీ క్లాసులో రావు, గ్రూప్‌లోనే వస్తాయి. ప్రభుదేవా వచ్చిన దారే అది. 1988లో తమిళ సినిమా అగ్ని నచ్చత్తిరంలో గ్రూప్‌లో కనిపించాడు, మరుసటి ఏడే డాన్స్ మాస్టర్, 1994లో 'ఇందు' అనే సినిమాలో హీరో.

10. సాలిగ్రామం
బాబాయ్, ప్రభుదేవా ఉదాహరణ ఈ అమ్మాయికి అతకదు. ఆయన గ్రూప్ నుంచి హీరో కాలేదు. గ్రూప్ నుంచి మాస్టర్ అయి, మాస్టర్‌గా పేరు వచ్చాక హీరో అయ్యాడు. ఇంట్లో నాన్నగారు సుందరం మాస్టర్ ఉన్నారు. మధ్యలో ఆ మెట్టు లేకుండా గ్రూప్ నుంచి పాత్రలకు వెళ్లడం వేరే కథ.

గ్రూప్‌లో రెండేళ్లు కనిపించిన మొహాన్ని కోడైరెక్టర్లు 'డాన్సర్' అనే ఫోల్డర్లో పడేస్తారు. కెమెరామెన్‌కు తెలుసు, మేనేజర్‌కు తెలుసు, మేకప్‌మేన్‌కు తెలుసు. ఎవరి పేరూ చెడ్డగా అనరు, కానీ చెల్లెలి పాత్రకు పిలవాలంటే ఆ పేరు గుర్తుకు రాదు.

శాస్త్రీయ నాట్యం నుంచి వచ్చిన ఆడవాళ్లను చూడండి. చినసత్యం గారి దగ్గర నేర్చుకున్న మంజుభార్గవికి శంకరాభరణంలో మాటలు బహు తక్కువ, పాత్ర మొత్తం కళ్లతో, నిలబడే తీరుతో నడిచింది. భానుప్రియ 1984లో సితారతో తెలుగులోకి నేరుగా కథానాయికగానే వచ్చింది. శోభన నాట్యాన్ని విడవకుండానే సినిమాలు చేసి 1993 నాటి మలయాళ సినిమా మణిచిత్రతాళుకు జాతీయ అవార్డు అందుకుంది, 1994లో ఇక్కడే కళార్పణ అనే నాట్య పాఠశాల పెట్టింది. సంధ్యారాజు అయితే కూచిపూడినే కథ చేసుకుని 'నాట్యం' అనే సినిమా తీసి, నృత్యదర్శకత్వానికి జాతీయ అవార్డు తెచ్చుకుంది. సాయిపల్లవి 2009లో టీవీ డాన్స్ షో ఢీలో ఆడింది, కథానాయికగా మలయాళ సినిమా ప్రేమమ్ 2015. మధ్యలో 6 ఏళ్లు, అందులో వైద్యం చదువు. డాన్స్ షో తలుపు తెరిచిందని చెప్పేవాళ్లు ఆ 6 ఏళ్లు చెప్పరు.

11. ఎనిమిదోలెక్క
సరే, ఫోల్డర్ మాట నిజమే. అయితే మధ్యేమార్గం ఉంది. యూనియన్ కార్డు తీసుకోకుండా, ఎవరైనా మాస్టర్ రిహార్సల్ హాల్లో మూడు నెలలు కంపోజింగ్‌కు సాయం చేయమనండి. హీరోయిన్ కదలికలు ముందుగా ఒకరి మీద కట్టి చూస్తారు. బిట్ పట్టే వేగం వస్తుంది, మొహం తెర మీద పడదు. షూటింగ్‌లో గ్రూప్‌లో నిలబడాలంటే మాత్రం డాన్సర్ల యూనియన్ కార్డు కావాలి, అది ఫెప్సీ (దక్షిణాది సినీ కార్మికుల సమాఖ్య) కింద ఉండే సంఘం. రుసుము సంఘం ఆఫీసులో కట్టి రసీదు తీసుకోవడమే. మధ్యలో 'కార్డు ఇప్పిస్తా' అనేవాడికి రూపాయి ఇవ్వకండి.

12. మాడవీధి
మూడో ప్రశ్న ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. స్టేజి మానకూడదు, తగ్గించాలి. ఏడాదికి నాలుగు మంచి కచేరీలు చాలు. మార్గళి సీజన్లో (ఇక్కడి ఏటేటా సంగీత నాట్యోత్సవాల కాలం) ఒకటి పెట్టుకుంటే డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా తేదీలు పోతాయి. మ్యూజిక్ అకాడమీ నృత్యోత్సవం జనవరిలోనే. కొత్తవాళ్లకు నారద గాన సభ, కృష్ణ గాన సభ, బ్రహ్మ గాన సభ లాంటి చోట్ల దొరికేవి ఎక్కువగా మధ్యాహ్నపు స్లాట్లు. జనం తక్కువగా ఉంటారు, ఫరవాలేదు, రాసేవాళ్లూ గురువులూ ఆ వేళకే తిరుగుతుంటారు. వీడియో లింకుతో దరఖాస్తు వేసవి దాటకముందే పంపాలి, నవంబర్లో పంపితే పలకరు. స్లాటుకు ఎదురు డబ్బు అడిగే చోట్లూ ఉన్నాయి, అక్కడ ఆడి వచ్చే పేరు ఏమీ లేదు.

ఖర్చంతా పక్కవాద్యాలది. నట్టువాంగం (తాళాలు వేసి నాట్యం నడిపేవారు), గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు: ఐదుగురు. కచేరీకి కనీసం రెండు రిహార్సళ్లు, వాటికి విడిగా ఇవ్వాలి. ఏడాదిలో రెండింటికి లైవ్, రెండింటికి రికార్డింగ్ పెట్టుకుంటే సగం దిగుతుంది. కేంద్ర సంస్కృతి శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు, రెండేళ్ల పాటు నెలకు 5,000. వయసు సరిపోయింది, కనీసం 5 ఏళ్ల శిక్షణ కావాలి, అదీ ఉంది. దరఖాస్తు చేయించండి. దూరదర్శన్ గ్రేడు పరీక్ష కూడా.

మోకాళ్లు. ఇది పెద్ద విషయం. స్టేజి మీద చెక్క ఉంటుంది. సినిమా ఫ్లోరులో సిమెంటు, సెట్ వేస్తే దాని మీద పాలరాయిలా మెరిసే షీటు. అవుట్‌డోర్లో రాయి, ఇసుక. అదే అడుగు చెక్క మీద వందసార్లు వేసినా ఏమీ కాని కాలికి సిమెంటు మీద ముప్పైకే మోకాలి కింది ఎముక ముందువైపు సలుపు మొదలవుతుంది. పొద్దున 6కు మేకప్, పాట బిట్ 11కు, మధ్యలో 5 గంటలు కుర్చీలో చల్లబడి కూర్చుని ఒక్కసారిగా గెంతడమే దెబ్బలకు కారణం. పిలుపు వచ్చే 15 నిమిషాల ముందు కారవాన్ పక్కన చీలమండలు, పిక్కలు, తుంటి కదిలించుకుని చెమట పట్టించాలి. ఎవరేమనుకున్నా సరే.

13. కుంకుమభరిణె
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా పాపకు 13, భరతనాట్యం. ఒక సీరియల్లో చిన్నప్పటి పాత్రకు అడిగారు. వరసగా నెల రోజులు షూటింగ్ అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

14. లెక్కలపద్దు
అమ్మా, 14 ఏళ్ల లోపు పిల్లలకు చట్టం ఉంది, 2016 సవరణ, 2017 నియమాలు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి నిర్మాత తీసుకోవాలి. రోజుకు 5 గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు మించకూడదు. వరసగా 27 రోజులకు మించి చేయించకూడదు, కాబట్టి వాళ్లు చెప్పిన నెల రోజులు అక్కడే పడిపోయింది. పారితోషికంలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పాప పేరనే ఫిక్సెడ్ డిపాజిట్ వేయాలి. ఐదుగురు పిల్లలకు ఒకరు చొప్పున బాధ్యుణ్ని పెట్టాలి. అనుమతి కాగితం నకలు అడగండి. 'అదంతా మేం చూసుకుంటాం' అంటే లేదని అర్థం.

పానగల్‌పార్కు గారికి: ఒప్పందంలో చూడాల్సినవి మూడే. 'ఈ సినిమా పూర్తయ్యేదాకా వేరేవి ఒప్పుకోకూడదు' అని ఉంటే పక్కన తేదీ రాయించండి. 'పూర్తి' అనే మాటకు సినిమాలో హద్దు లేదు, ప్యాచ్‌వర్క్ (మిగిలిపోయిన ముక్కలు తీయడం) అంటూ రెండేళ్లయినా లాగొచ్చు. సభల్లో నాట్యప్రదర్శనలకు ఆ షరతు వర్తించదని ఒక వాక్యం వేయించండి. డబ్బు మూడు విడతలుగా: సంతకం రోజు, షూటింగ్ సగంలో, డబ్బింగ్‌కు ముందు. ఆఖరి విడత 'విడుదల తర్వాత' అని ఉంటే మార్పించండి, కొత్తవాళ్ల చేతిలో ఉండే ఆఖరి పట్టు డబ్బింగే. ఇచ్చే డబ్బులో 10 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. ఆదాయం తక్కువే గనక రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది, చాలామంది పిల్లలు వేయక వదిలేస్తారు. బేటా (రోజు బత్తా), ప్రయాణం, దుస్తుల ఖర్చు ఎవరిదో కూడా రాతలో ఉండాలి.

యూనిట్‌లో పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేస్తుంటే లైంగిక వేధింపుల ఫిర్యాదుకు అంతర్గత కమిటీ ఉండి తీరాలి, 2013 చట్టం. కమిటీలో ఎవరెవరున్నారో సంతకానికి ముందే అడగడం తప్పేం కాదు. జవాబు చెప్పే తీరులోనే కంపెనీ తెలిసిపోతుంది.

15. సాలిగ్రామం
ఇక ఆడిషన్. ఫొటోలు ఆరు: నవ్వుతో క్లోజప్, నవ్వు లేకుండా క్లోజప్, రెండు పక్కలు, నడుము దాకా, నిలువెత్తు. మేకప్ లేకుండా, జుట్టు వెనక్కి కట్టి, ఒకే రంగు బట్టలు. వీటికి తోడు నాట్యం ఫొటో ఒక్కటే, అదీ చివర. పంపేవాళ్లు చేసే తప్పు ఏమిటంటే పది ఫొటోల్లో తొమ్మిది గజ్జెలూ జడబిళ్లలతో ఉంటాయి. చూసేవాడు పక్కింటి అమ్మాయి పాత్రకు వెతుకుతుంటాడు, ఆ అలంకారం కింద మొహం కనపడదు.

సెల్ఫ్ టేపు: ఫోను అడ్డంగా, కంటి ఎత్తులో, 5 అడుగుల దూరంలో. మొదట పేరు, వయసు, ఎత్తు సెంటీమీటర్లలో, ఊరు, వచ్చిన భాషలు. అటూఇటూ పక్కలు, రెండు చేతులూ ముందూ వెనకా. తర్వాత ఒక నిమిషం సీను. ఎదుటి డైలాగు చదివేవాళ్లు ఫోను పక్కనే నిలబడి మెల్లగా చదవాలి, లేకపోతే వాళ్ల గొంతే పెద్దగా వస్తుంది. ఫిల్టరు వద్దు, వెనక పాట వద్దు. ఫైలుకు పేరు, ఎత్తు, వయసు పెట్టి పంపాలి. 'ఒరిజినల్ 1' అని వచ్చిన ఫైళ్లు వందల్లో ఉంటాయి.

ఎంచుకునే సీనులో ఏడుపు వద్దు. ఏడుపు అందరూ పంపుతారు. ఒకరికి అబద్ధం చెప్పే సీను పంపండి.

16. పానగల్‌పార్కు
ఒక కోఆర్డినేటర్ పోర్ట్‌ఫోలియోకు 35,000 అడుగుతున్నాడు, తన ఫొటోగ్రాఫరే తీయాలట. పెద్ద బ్యానర్ పేరు చెప్పాడు.

17. సాలిగ్రామం
ఫోను పెట్టేయండి. పనిచ్చేవాడు డబ్బు అడగడు. ఆ బ్యానర్ ఆఫీసుకు మీరే వెళ్లి, సినిమా పేరు చెప్పి, కాస్టింగ్ ఎవరు చూస్తున్నారో రిసెప్షన్లో అడగండి. 10 నిమిషాల పని.

18. ఎనిమిదోలెక్క
35 వేలకు తెలుగు ట్యూషనూ నటన క్లాసూ రెండూ వస్తాయి.

19. పానగల్‌పార్కు
పెట్టేశాను. నటన క్లాసు ఎక్కడ?

20. జతిస్వరం
బోర్డు చూసి కాదు, ఒక రోజు కూర్చుని చూసి చేర్చండి. గదిలో 15 మందికి మించకూడదు, ప్రతివాళ్లూ ప్రతి క్లాసులో లేచి చేయాలి, కెమెరా వారానికి ఒకసారైనా ఉండాలి. నాటక శిక్షణ కావాలంటే ఇక్కడ 1977 నుంచి కూత్తుప్పట్టరై అనే తమిళ నాటక సంస్థ ఉంది, విజయ్ సేతుపతి, పశుపతి అక్కడి నుంచి వచ్చినవాళ్లే. తమిళం వచ్చు గనక ఆమెకు అడ్డంకి లేదు. ఇల్లు వదిలి ఏడాది ఉండగలిగితే బెంగళూరులో ఎన్ఎస్‌డీ (నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా) కేంద్రం ఉంది, బీకాం అయ్యాక ఆలోచించండి. వారానికి మూడు రోజులు నటన, రెండు రోజులు నాట్యం, రోజూ తెలుగు చదవడం. ఒకే రోజు నాట్యమూ నటనా పెట్టొద్దు. పొద్దున జతులు తొక్కిన ఒళ్లు సాయంత్రం సీనులో ఊరుకోదు.

21. పానగల్‌పార్కు
మొదటి టేపు ఆదివారం తీద్దామనుకుంటున్నాం. హాల్లో ఒకటే కిటికీ, తూర్పు వైపు.

22. ఫోకస్‌పుల్లర్
అయితే పొద్దున 8కి వద్దు, ఎండ నేరుగా పడి ముక్కు నీడ బుగ్గ మీదికి వస్తుంది. 11 దాటాక తీయండి. అమ్మాయి కిటికీకి ఎదురుగా, ఫోను కిటికీకి వీపు పెట్టి. ఫాను ఆపండి, ట్యూబులైటు ఆర్పండి. వెనక గోడ మీద దేవుడి క్యాలెండరుంటే ఆ కాసేపు తీసేయండి.